ఎవరూ రుచి చూడని కూర

కిందటి వారం చిన్నక్కని చర్చి వంటగది తలుపు దగ్గర నిలబెట్టి మన దారిన మనం వెళ్లిపోయాం. పాపం ఆ మనిషి ఇంకా అక్కడే ఉంది. లోపల మాటలు వినిపిస్తున్నాయి. ఆ మాటల్లో పిచ్చుక అనే పిల్ల పేరు వినిపిస్తోంది. చెయ్యి తలుపు మీద ఉంది గానీ తోయడానికి ధైర్యం చాలడం లేదు.

ఆమె ఎందుకలా కొయ్యబారిపోయిందో ఈ వారమే మనతో కలిసినవాళ్లకి చెప్పాలి. హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లల కోసం సంఘంవాళ్లు సెలవుల్లో ఒక క్యాంపు పెడతారు. ఊరికి దూరంగా ఓ కొండ పక్కన పాటలు, ప్రార్థనలు, బైబిలు పాఠాలు, ఆటలు. వచ్చే పిల్లల్లో చాలామంది దగ్గర చిల్లిగవ్వ ఉండదు. అందుకని ఆదివారం ఆరాధన అయ్యాక అన్నం, కోడికూర పొట్లాలు కట్టి అమ్మి, బస్సుకీ బసకీ అడ్వాన్సు కట్టాలనుకున్నారు. ఆలోచన బాగానే ఉంది. దాని మీద పాస్టరమ్మగారికి ఇంకో ఆలోచన వచ్చింది. వండేవాళ్లందరూ ఆఖరి పొట్లం అమ్ముడయ్యేదాకా ఉపవాసం ఉంటే దేవుడు దీవిస్తాడని ఆవిడ అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. వండేవాళ్లంతా ఉపవాసం ఉంటే ఉప్పు చూసేదెవరని ఆ భక్తిలో ఒక్కరికీ తట్టలేదు.

తట్టకపోతే ఏమవుతుందో అదే అయింది. మాంసం తెచ్చిన బేకరీ ఆయన ముందురోజే దానికి ఉప్పు పట్టించి ఫ్రిజ్‌లో పెట్టి, ఆ సంగతి చెప్పడం మర్చిపోయాడు. గిన్నె పొయ్యి మీదికెక్కాక, వంటలో సాయానికి వచ్చిన పిచ్చుక చిన్నక్క చెప్పిందని మళ్లీ నిండుగా ఉప్పు వేసింది. మధ్యాహ్నం టెంటు కింద కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నవాళ్ల మొహాలు చూసి తీరాలి. ఒక పెద్దాయన జగ్గుడు నీళ్లు గటగటా తాగి, "దేవుడు చేసినవాటిలో నీళ్లే గొప్పవి" అని సాక్ష్యం చెప్పాడు. పిల్లలు పొట్లాలు ప్రహరీ గోడ మీద పెట్టి జారుకున్నారు. కూపన్లు కొన్నవాళ్లు డబ్బు వెనక్కి అడిగారు. "ఉప్పు వేసిందెవరు?" అని పాస్టరమ్మగారు అందరి ముందూ అడిగితే, "నేనేనండీ" అని పిచ్చుక ఒక్కతే చెయ్యెత్తింది. వంటలో ఉన్న మిగతా ముగ్గురూ కిక్కురుమనలేదు.

ఆ ముగ్గురిలో మన చిన్నక్క ఒకతె. ఆమెకీ మనకీ మాత్రమే తెలిసిన సంగతి ఇంకొకటుంది. అమ్మకానికి గంట ముందే కూర నోట్లో పెట్టుకోలేనంత ఉప్పగా ఉందని ఆమెకి తెలుసు. ఎందుకంటే ఆమె తిన్నది. సామాన్ల గదిలో, మడత కుర్చీలకీ పాత పాటల పుస్తకాలకీ మధ్య నక్కి కూర్చుని, పళ్లెం నిండా పెట్టుకుని తిన్నది.

* * *

తిండికి మొహం వాచిన మనిషి కాదు చిన్నక్క. కంటి ఆసుపత్రిలో నర్సు. నిక్షేపంలాంటి ఉద్యోగం, నెల తిరిగేసరికి జీతం. యాభై దాటినా సంఘంలో పసిపిల్లల దగ్గర్నుంచి పాస్టరుగారి దాకా ఆమెని చిన్నక్క అనే పిలుస్తారు, పెద్దక్క ఒకావిడ ఉండేది కాబట్టి. పెళ్లి ఊసెత్తని ఆ అక్కాచెల్లెళ్లిద్దరూ సైకిల్ షాపు పైనున్న రెండు గదుల్లో కాపురం ఉండేవాళ్లు. పెద్దక్క వండేది, చిన్నక్క వంకలు పెడుతూ తినేది, ఇద్దరూ పోట్లాడుకుంటూ గిన్నెలు కడిగేవాళ్లు. కిందటేడు పెద్దక్క పోయింది. పెద్దది పోయినా చిన్నక్క అన్న పిలుపు మాత్రం అలాగే ఉండిపోయింది. ఇంకెవరికంటే చిన్నదాన్ని నేను అని పళ్లు తోముకుంటూ అద్దంలోకి చూసి అడిగిన రోజులున్నాయి.

ఒక్కదానికి వండుకోవడం ఆమెకి చేతకాలేదు. గుప్పెడు బియ్యం గిన్నెలో వేస్తే అడుగు కూడా నిండేది కాదు. ఆ గిన్నె వంక చూస్తే దుఃఖం పొంగుకొచ్చేది. రొట్టె ముక్క టీలో ముంచుకుని, పొయ్యి దగ్గర నిలబడే తినేసి, లైటు తీసేసేది. ఏడాదిగా అదే భోజనం.

అలాంటి మనిషికి ఆదివారం నాడు చర్చి వంటగదిలో ఆ పెద్ద గిన్నె మూత తీయగానే పెద్దక్క కూర వాసన తగిలింది. అదే మసాలా, అదే వేపుడు, పెద్దక్క నేర్పిన పద్ధతే కదా. పాస్టరమ్మగారు బయట బల్లల మీద గుడ్డలు పరిపించడానికి వెళ్లారు. ఏం చేస్తున్నానో అనుకునేలోపే పళ్లెం చేతిలోకి వచ్చేసింది. మొదటి ముద్దకే నాలుక మండింది. అయినా ఆపలేదు. కళ్లనీళ్లు కారుతూంటే తుడుచుకోకుండా, పళ్లెం ఖాళీ అయ్యేదాకా తిన్నది. అప్పటికింకా గంట టైముంది. నీళ్లు పోసి, బంగాళాదుంపలు కోసి పడేస్తే కూర కొంతైనా తినేలా అయ్యేది. కానీ ఉప్పెక్కువైందని నోరు తెరిస్తే, నీకెలా తెలుసని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకి జడిసి చిన్నక్క పళ్లెం కడిగి, తుడిచి, ఎక్కడిదక్కడ పెట్టేసింది.

పిచ్చుక సంగతి కూడా చెప్పేస్తే మనం లోపలికి వెళ్లిపోవచ్చు. పక్క వీధి హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న పిల్ల. పిట్టంత ఆకారం, నిద్రలో తప్ప ఆగని నోరు, అందుకే ఆ పేరు. పెద్దక్క పోయినప్పుడు ఎవరో పంపితే పలకరించడానికి వచ్చింది. ఆ తర్వాత ఎవరూ పంపకుండానే రోజూ రావడం మొదలుపెట్టింది. వంటింటి గట్టెక్కి కూర్చుని, కాళ్లూపుతూ, కాలేజీలో ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో, ఏ లెక్చరరు ఏ మాట ఎన్నిసార్లు అంటాడో అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. చిన్నక్క సగం వినేది, సగం వినేది కాదు. ఇంట్లో ఇంకో గొంతు వినిపిస్తోంది, అది చాలు ఆమెకి. ఆదివారం తర్వాత ఆ గొంతు ఆగిపోయింది. సోమవారం సాయంత్రం చిన్నక్క రెండు కప్పుల టీ పెట్టి, ఒకటి తాగి, రెండోది చల్లారాక సింకులో పారబోసింది. మంగళవారమూ అంతే అయింది. ఇవాళ బుధవారం ప్రార్థనలో కూడా ఆ పిల్ల జాడ లేదు.

ప్రార్థన అయ్యి జనం వెళ్లిపోయాక, వంటవాళ్లు మాత్రం వంటగదిలో కలవాలని పాస్టరమ్మగారు కబురు పెట్టారు. ఆ వంటవాళ్లలో పిచ్చుకని పిలవలేదు. అదీ సంగతి. ఇప్పుడు చిన్నక్క తలుపు తోసింది.

* * *

లోపల ముగ్గురున్నారు. పాస్టరమ్మగారు స్టూలు మీద, చెంగు నడుముకి బిగించి, ఇప్పుడే ఎవరికో తలంటడానికి సిద్ధమైనట్టు కూర్చున్నారు. బేకరీ ఆయన పొయ్యి గట్టుకి ఆనుకుని నిలబడ్డాడు. పొట్ట పెద్దది, మనసు ఇంకా పెద్దది, మతిమరుపు అన్నిటికన్నా పెద్దది. సంఘం డబ్బు చూసే లెక్కల మాస్టారు గోడ దగ్గర కళ్లజోడు తుడుచుకుంటున్నారు. ఆయన సందు దొరికినప్పుడల్లా కళ్లజోడు తుడుస్తారు, అది ఎప్పటికీ శుభ్రపడదు.

"రా చిన్నక్కా, నీ కోసమే చూస్తున్నాం" అన్నారు పాస్టరమ్మగారు. "వచ్చే ఆదివారం మళ్లీ అమ్మకం పెడుతున్నాం. అయ్యగారు ఒప్పుకున్నారు. ఈసారి పొరపాటు జరగడానికి వీల్లేదు. ఆ పిల్లని మాత్రం వంటగది ఛాయలకి రానివ్వొద్దు."

"చిన్నపిల్ల కదమ్మగారూ" అన్నాడు బేకరీ ఆయన నేల చూస్తూ.

"చిన్నపిల్లే. నేను కాదన్నానా? కానీ సంఘంలో అందరూ అడుగుతున్నారు, ఉప్పమ్మాయి మళ్లీ వండుతుందా అని. ఆ మాట వినబడితే ఒక్క కూపను కూడా కొనరు. ఇంకో సంగతి కూడా ఉంది, మాస్టారూ మీరు చెప్పండి."

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "చెప్పడానికేముందండీ. పోయిన డబ్బు పోయింది. క్యాంపుకి అనుకున్నంతమందిని తీసుకెళ్లలేం. ఉచితంగా వచ్చే పిల్లల్లో ఒకరిద్దరిని ఆపాలి. ఎవరిని ఆపినా బాధే. కాబట్టి..."

"కాబట్టి పిచ్చుకని ఆపుదామంటారు" అంది చిన్నక్క.

"మేమనడం కాదు. న్యాయంగా చూస్తే..." అని ఆయన మళ్లీ కళ్లజోడు అందుకున్నారు.

చిన్నక్క సింకు అంచు పట్టుకుంది. ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక హాస్టలూ, మేనమామ ఇల్లూ తప్ప ఇంకో చోటు చూడలేదు. క్యాంపు మాట వచ్చిన రోజు నుంచి సంచి సర్దడం, విప్పడం, మళ్లీ సర్దడం. కొండ దగ్గర చలేస్తుందా చిన్నక్కా, నీ స్వెట్టరిస్తావా చిన్నక్కా అని ప్రాణం తీసేసింది. స్వెట్టరు ఉతికి, ఎండబెట్టి, మడతపెట్టి కుర్చీ మీద ఉంచింది చిన్నక్క. అది ఇంకా ఆ కుర్చీ మీదే ఉంది.

చెప్పకపోతే పిచ్చుక పోతుంది. చెబితే తన పరువు పోతుంది. పెద్దక్క పోయాక ఈ నాలుగు గోడలూ, ఆదివారం పూట వందనాలు చెప్పే ఈ నలుగురు మనుషులూ తప్ప తనకంటూ ఎవరున్నారు? ఉపవాసం ఉంటానని దేవుడి ముందు మోకరించి, అరగంటలో కూర తిన్నదని తెలిస్తే రేపట్నుంచి ఎవరి మొహం ఎలా చూస్తుంది? ఆసుపత్రిలో కళ్లకి కట్లు కట్టుకున్న రోగులు చెయ్యి పట్టుకుని, సిస్టరూ వెళ్లకండి అంటారు. కట్టు విప్పగానే ఎవరి ఇంటికి వాళ్లు వెళ్లిపోతారు. చర్చి ఒక్కటే తను వెళ్లినా వెళ్లకపోయినా అడిగే చోటు. అక్కడ కూడా వేలెత్తి చూపిస్తే ఇంక ఇంటికి పోయి తలుపేసుకోవడమే.

"అమ్మగారూ, ఆ పిల్లని ఆపకండి" అంది. "కూర ఉప్పగా ఉందని నాకు ముందే తెలుసు."

"తెలియడమేంటి? ఎలా తెలుసు?"

వచ్చింది ఆ ప్రశ్న. నాలుగు రోజులుగా ఆ ప్రశ్న కోసమే నిద్ర చెడగొట్టుకుంటోంది.

"తిన్నాను."

పాస్టరమ్మగారు స్టూలు మీద నుంచి లేచారు. "తిన్నావా? ఉపవాసంలోనా? మనం చేతులు పట్టుకుని ప్రార్థన చేసుకున్నాక?"

"అవునండీ. సామాన్ల గదిలో కూర్చుని తిన్నాను. పళ్లెం నిండా. గంట ముందే తెలుసు నాకు. చెబితే తిన్నానని తెలిసిపోతుందని చెప్పలేదు. ఉప్పు వెయ్యమని ఆ పిల్లకి చెప్పింది కూడా నేనే. అందరి ముందు అది నిలబడితే నోరు మూసుకున్నదాన్నీ నేనే. ఆపాలంటే నన్ను ఆపండి. వంటలోంచి తీసెయ్యండి, సంఘంలో చెప్పండి, మీ ఇష్టం."

ఇక తిట్లు మొదలవుతాయని తల వంచుకుని నిలబడింది. ఎంతకీ తిట్లు రాలేదు. తల ఎత్తితే బేకరీ ఆయన చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"అది కాదు చెల్లెమ్మా" అన్నాడు. "అంటే... ముక్క ఉడికిందో లేదో ఎవరో ఒకరు చూడాలి కదా. పచ్చి మాంసం పెట్టేస్తే కడుపులు చెడవూ? అందుకని ఒక ముక్క నేను..."

"ఒకటా?" అన్నారు పాస్టరమ్మగారు.

"రెండు." అన్నాడాయన. "తొడ ముక్క కూడా కలిపితే మూడు."

"మీకూ తెలుసన్నమాట ఉప్పని!"

"నాలుక ఉంది కదండీ" అన్నాడు బేకరీ ఆయన తేలు కుట్టిన దొంగలా.

మాస్టారి కళ్లజోడు ఆయన చేతుల్లో గిర్రున తిరుగుతోంది. ముగ్గురూ ఆయన వైపు తిరిగారు. "నేను భోజనం చెయ్యలేదు" అన్నారాయన హడావుడిగా. "గిన్నె అంచుకి అంటుకున్నది వేలితో... వేలితో నాకడం భోజనం కిందికి రాదు. ఆ మాటకొస్తే గిన్నె శుభ్రం చెయ్యడం కిందికి వస్తుంది."

ఇంక మిగిలింది ఒక్కరే. ఆవిడ అప్పటికే అందరికీ వీపు చూపించి, సింకు దగ్గర కడిగిన గ్లాసునే మళ్లీ కడుగుతున్నారు. ఉపవాసం ఆలోచన ఆవిడదే అని మనకి గుర్తుంది, ఆ గదిలో అందరికీ గుర్తుంది.

"నాకు షుగరు" అన్నారు పాస్టరమ్మగారు గోడతో. "ఖాళీ కడుపుతో ఉండొద్దని డాక్టరు ఒకటికి పదిసార్లు చెప్పాడు. అయ్యగారి గదిలోకి ఒక పొట్లం తీసుకెళ్లాను. సగమే తిన్నాను. సగం కన్నా ఎవరు తినగలరు ఆ ఉప్పుని?"

ముందు బేకరీ ఆయన పొట్ట కదిలింది. తర్వాత నోట్లోంచి నవ్వు తన్నుకొచ్చింది. మాస్టారు తట్టుకోలేక గోడకి వాలిపోయారు. పాస్టరమ్మగారు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఛీ ఛీ, నవ్వకూడదు, దేవుడు చూస్తాడు" అంటూ కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. నాలుగు రోజుల బరువు దింపుకున్నట్టు ముగ్గురూ తేలికపడిపోయారు.

చిన్నక్కకి నవ్వు రాలేదు. నవ్వాలని ప్రయత్నం చేసింది గానీ మొహం మాట వినలేదు. ఒకే వంటగదిలో, ఒకే పొయ్యి చుట్టూ, భుజాలు రాసుకునేలా తిరిగిన మనుషులు. తను సామాన్ల గదిలో. ఆయన పొయ్యి చాటున. ఈయన గిన్నెలు కడిగే మూలన. ఆవిడ అయ్యగారి గదిలో. ఎవరికి వాళ్లు గోడ వైపు తిరిగి, గబగబా మింగేసి, మూతి తుడుచుకుని వచ్చి పక్కపక్కనే నిలబడ్డారు. ఏడాదిగా తనొక్కతే ఒంటరిగా తింటోందనుకుంది. ఆ రోజు అక్కడ అందరూ అలాగే తిన్నారు.

"మరి పిచ్చుక?" అంది.

నవ్వులు ఆగాయి. బేకరీ ఆయన చెయ్యి మెడ వెనక్కి వెళ్లింది. "ఆ పిల్ల తినలేదు చెల్లెమ్మా. నాకు తెలుసు. ఉదయం నుంచి ఉల్లిపాయలు కోసి కోసి మొహం పీక్కుపోయింది. నాకే జాలేసి గరిటెతో ఒక ముక్క ఇవ్వబోయాను. వెనక్కి జరిగిపోయింది. వద్దంకుల్, అందరం కలిసి ఉపవాసం ఉన్నాం కదా, నేనొక్కదాన్నే తింటే ఏం బాగుంటుంది అంది."

ఆ మాట విన్నాక ఎవరికీ ఎవరి మొహమూ చూసే ధైర్యం లేకపోయింది.

ముందుగా తేరుకున్నది పాస్టరమ్మగారే. ఎంతైనా సంఘాన్ని నడిపే చెయ్యి. "సరే, అయిందేదో అయింది. ఆ పిల్లని క్యాంపు నుంచి ఆపం. రేపు పిలిపించి నాలుగు మంచి మాటలు చెబుతాను. కానీ ఇక్కడ అనుకున్నది ఈ తలుపు దాటి బయటికి పోకూడదు."

"అదే మంచిదండీ" అన్నారు మాస్టారు. "వండినవాళ్లంతా దొంగచాటుగా తిన్నారని తెలిస్తే వచ్చే ఆదివారం అమ్మకం సంగతి దేవుడెరుగు. పోయేది క్యాంపే."

"మరి ఉప్పెవరు వేశారంటే ఏం చెబుతారు?" అంది చిన్నక్క.

"ఎవరడుగుతారు? వారం తిరిగేసరికి అందరూ మర్చిపోతారు."

"ఆ పిల్ల మర్చిపోతుందా?"

"పిల్లలు మనకన్నా త్వరగా మర్చిపోతారు చిన్నక్కా. నువ్వు మరీ మనసుకి తీసుకుంటున్నావు" అన్నారు పాస్టరమ్మగారు. మెత్తగానే అన్నారు. ఆ మెత్తదనమే చిన్నక్కకి మింగుడుపడలేదు. పెద్దక్క ఉంటే ఈపాటికి గరిటె విసిరేసి ఉండేది. చిన్నక్కకి ఆ అలవాటు లేదు. జీవితమంతా అక్క మాట్లాడితే తను పక్కన నిలబడటమే. ఇవాళ పక్కన నిలబడటానికి కూడా ఎవరూ లేరు.

"మీ సంగతులు మీరు చెప్పుకుంటారో లేదో మీ ఇష్టం అమ్మగారూ. నేను అడ్డురాను. నా సంగతి మాత్రం నేను దానికి చెప్పుకుంటాను. ఇప్పుడే చెబుతాను."

"చిన్నక్కా, ఆగు. రేపు..."

ఆమె ఆగలేదు. బేకరీ ఆయన తలుపు దాకా వెంట వచ్చి, జేబులోంచి కాగితంలో చుట్టిన బన్ను తీసి ఆమె చేతిలో పెట్టాడు. "పిల్లకివ్వు" అన్నాడు అంతే.

* * *

వీధి దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. షాపులవాళ్లు బయట పెట్టిన సామాన్లు లోపల పెట్టుకుంటున్నారు. పనుల్లోంచి ఇళ్లకి పోయేవాళ్లు ఒకరినొకరు రాసుకుంటూ నడుస్తున్నారు. ఆ గుంపుకి ఎదురు నడుస్తూ చిన్నక్క దారిపొడుగునా మాటలు కూర్చుకుంది. ముందు క్షమించమనాలా, ముందు తిన్నానని చెప్పాలా? తిట్టనివ్వాలి, ఏడవనివ్వాలి, ఎంతసేపైనా సరే వినాలి. ఆ తర్వాత, ఒప్పుకుంటే, ఇంటికి తీసుకెళ్లి ఇద్దరికీ సరిపడా అన్నం వండాలి. ఏడాది తర్వాత మొదటిసారి ఆమెకి బియ్యం డబ్బా గుర్తుకొచ్చింది.

హాస్టల్ గుమ్మంలో వార్డెను కుర్చీ వేసుకుని బటాణీలు ఒలుస్తోంది. చిన్నక్కని చూడగానే గిన్నె పక్కన పెట్టి లేచింది.

"నర్సమ్మా, మంచి సమయానికి వచ్చావు. నేనే కబురు చేద్దామనుకుంటున్నా. మీ పిచ్చుకకి ఏమైందమ్మా?"

"ఏం, ఏమైంది?"

"ఆదివారం నుంచి భోజనాల గదికి దిగలేదు. అడిగితే ఉపవాసం అంటుంది. ఇదేం ఉపవాసమమ్మా, ఎక్కడైనా ఉందా? తన వల్ల పోయిన క్యాంపు డబ్బు మళ్లీ వచ్చేదాకా ముద్ద ముట్టనని పట్టుపట్టి కూర్చుంది. నిన్నటిదాకా నీళ్లైనా తాగింది. ఇవాళ గదిలో ఉండే పిల్ల ఊరెళ్లిపోయింది. పొద్దుట్నుంచి గడియ పెట్టుకుని ఉంది. పిలిస్తే పడుకుంటున్నానంటుంది."

చిన్నక్క మిగతాది వినలేదు. మెట్లు ఎలా ఎక్కిందో తెలియదు. నడవా చివరి గది. తలుపు కింద వెలుగు లేదు.

"పిచ్చుకా! నేనే, చిన్నక్కని. తలుపు తియ్యి."

లోపల్నుంచి గొంతు వచ్చింది. ఆ గొంతు పోల్చుకోవడానికి చిన్నక్కకి కొంత సమయం పట్టింది. "పడుకున్నాను చిన్నక్కా. రేపు వస్తాలే. నా మీద కోపమొచ్చిందా? మీ అక్క కూర పాడుచేశాను కదా."

"పాడుచేసింది నువ్వు కాదే తల్లీ." దారిపొడుగునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ మిగల్లేదు. తలుపుకి నుదురు ఆనించింది. "నేను తిన్నానే. ఆదివారం నాడు చాటుగా కూర తిన్నాను. ఉప్పని నాకు తెలుసు. గంట ముందే తెలుసు. నువ్వొక్కదానివే ఉపవాసం ఉన్నావు. మిగతా అందరం తిన్నాం. ఇంక చాలు, లే. తలుపు తీసి ఇంత తిను. క్యాంపు ఎక్కడికీ పోదు, నువ్వు వెళ్తున్నావు. విన్నావా? వెళ్తున్నావు."

అవతల మంచం కిర్రుమంది. అడుగులు రెండు తలుపు వైపు వచ్చి ఆగాయి. గడియ మీద చెయ్యి పడిన చప్పుడు ఇవతలికి తెలిసింది.

"మరి నాకు కూడా ఎందుకు చెప్పలేదు చిన్నక్కా?" అంది పిచ్చుక. "నేను రోజూ మీ ఇంటికే కదా వచ్చేదాన్ని."

చిన్నక్క నోరు తెరిచింది. ఆ లోపే గడియ మీద చెయ్యి జారింది. తలుపుని ఒరుసుకుంటూ ఏదో బరువుగా కింద పడింది. ఆ చప్పుడు ఎలాంటిదో ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లు పనిచేసిన మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"పిచ్చుకా!"

బన్ను ఎక్కడ పడిందో చూసుకోలేదు. రెండు చేతులతో తలుపు బాదింది, కింద నుంచి వార్డెను పరిగెత్తుకొస్తోంది, తలుపు లోపలి గడియ అలాగే ఉంది, అవతల్నుంచి జవాబు లేదు.